పసుపు పెట్టిన చావు కార్డు

ఎర్రటి పోస్టు డబ్బా మీద అరచెయ్యి ఆనించి ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పన లేదు. నా ప్రమాణాల సంగతి సూర్యాపేటలో అందరికీ తెలుసు కనుక ఇంకొకటి కూడా కలుపుతున్నాను. ఇది అబద్ధమైతే ఈ జన్మలో నాకు ఎవరూ ఉత్తరం రాయకుందురు గాక. ఇప్పుడు మాత్రం ఎవరు రాస్తున్నారని అడగకండి. శాపం శాపమే.

మా ఆవిడ ఈ పేరా చదివి, "గప్పుడే మొదలువెట్టినవా?" అంది. మూసీలో నేను ఎప్పుడో పట్టిన చేప, కూర వండుకుని తిన్న తర్వాత కూడా ఏటేటా పెరుగుతూనే ఉందని ఆమె ఫిర్యాదు. నిజమే, పెరుగుతోంది. కానీ ఈ కథ వేరు. దీన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒళ్లు మండుతున్నప్పుడు కల్పించే ఓపిక నాకుండదు.

నాకింకా అరవై నిండలేదు. అయినా రిటైరైనవాణ్ణే. పాత వస్తువులూ పాత కాగితాలూ సేకరించే ఒక ట్రస్టులో పదకొండేళ్లు పనిచేశాను. సూర్యాపేటలో ఎరువుల దుకాణం మీద రెండు గదులు మా ఆఫీసు. పాత పోస్టు కార్డులు సంపాదించడం, వాటిని రాసిందెవరో అందుకున్నదెవరో కనిపెట్టడం, ఆ తర్వాత వాళ్ల బతుకులు ఏమయ్యాయో వెతికి రాయడం మా పని. ముగ్గురమే ఉండేవాళ్లం. వారానికి రెండుసార్లు హైదరాబాదు నుంచి వచ్చి పోయే సారు ఒకరు. హుజూర్‌నగర్ నుంచి రోజూ బస్సులో వచ్చి, ప్రతి కార్డునీ రిజిస్టర్లో ఎక్కించే ఒక చెల్లెమ్మ. ఊళ్లు తిరిగి మనుషులను వెతికేవాణ్ణి నేను.

ఈ పని తేలికని మీకు అనిపించవచ్చు. ఏదైనా ఊరికి పోయి ఫలానా పెద్దాయన ఉన్నాడా అని అడిగి చూడండి. "భూమి పంచాయితా?" అంటారు ముందు. కాదంటే "ఓట్ల లిస్టా?" అంటారు. అదీ కాదు, నలభై ఏళ్ల కిందట ఆయన రాసిన ఉత్తరం దొరికిందని చెప్పగానే కుర్చీ వేస్తారు, చాయ్ పెడతారు, పక్కింటివాళ్లను కూడా పిలుస్తారు. ఆ కుర్చీల కోసమే నేను ఆ ఉద్యోగం చేశాను.

మీలో చాలామంది పోస్టు కార్డు ముట్టుకుని కూడా ఉండరు కనుక ఒక సంగతి చెప్పాలి. శుభవార్త రాసిన కార్డుకు నాలుగు మూలలా పసుపు పెట్టేవారు. చావు కబురు వచ్చిన కార్డును మాత్రం వాకిట్లోనే నిలబడి చదివి, అక్కడికక్కడే చింపి అవతల పారేసి, తలమీద నీళ్లు పోసుకున్నాకే లోపలికి వచ్చేవారు. ఆ కార్డు ఇంట్లో ఉంటే చావు ఇంట్లో ఉన్నట్టే లెక్క. అందుకే మాకు దొరికే కట్టల్లో పెళ్లిళ్లు, పురుళ్లు, నాట్లు, అలకలు అన్నీ ఉండేవి గాని, చావులు ఉండేవి కావు. పాత ఉత్తరాల లోకంలో ఎవరూ చచ్చిపోరు. పదకొండేళ్లలో నేను చూసిన చావు కార్డు ఒక్కటే.

ఆ ఒక్కటీ మిర్యాలగూడలో, పాత పేపర్లు కొనే దుకాణంలో దొరికింది. కోదాడలో ఒక పాత ఇల్లు కూలగొడుతుంటే సామాను అంతా అక్కడికి చేరిందట. అందులో కొక్కెం వంచిన ఇనుప తీగ ఒకటి, దానికి గుచ్చిన కార్డులు. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో దూలానికి అలాంటి తీగ ఒకటి వేలాడేది. వచ్చిన ఉత్తరాన్ని చదివి తీగకు గుచ్చడం ఇంటిపెద్ద పని. నేను ఆ తీగను చంకలో పెట్టుకుని సూర్యాపేట వచ్చాను. అప్పటికే మా ఎగ్జిబిషన్‌కు నాలుగు రోజులే ఉంది. పెళ్లి కార్డులన్నీ అద్దాల పెట్టెలో ఒక వరసగా పెట్టాలని సారు ఫోన్ మీద ఫోన్.

నేను కార్డులు తీగ నుంచి తీసి, మూలలకు పసుపున్నవి ఇటూ లేనివి అటూ వేస్తున్నాను. చెల్లెమ్మ పెన్ను చెవికి పెట్టుకుని చూస్తూ నిలబడింది.

"అన్నా, సదివి వెడ్తున్నవా, వాసన సూసి వెడ్తున్నవా?"

"సదివేదేముందమ్మా? పసుపు వాసన వడితే పెండ్లి ఎండకాలమో సలికాలమో కూడ సెప్త నేను."

"సెప్తవ్, సెప్తవ్. పొల్ల మెడల తాళి గట్టింది నేనే అని కూడ సెప్తవ్. సదివి పెట్టు జర."

నేను వినలేదు. అక్కడ ఒక కార్డు వచ్చింది చేతికి. కోదాడ, ఫలానావారి కోడలికి అని చిరునామా. నాలుగు మూలలా దిట్టంగా పసుపు. వెనక్కి తిప్పితే, పసుపు తడి కారి పై వరసలు అలుక్కుపోయి ఉన్నాయి. కింద మిగిలినవి మాత్రం చదవగలిగాను. "నీవు తప్పక బయలుదేరి రావలెను. నీ కోసం ఎదురుచూస్తుంటాము." ఇంకేం కావాలి? పుట్టింట్లో చెల్లెలి పెళ్లో, తమ్ముడి పెళ్లో. కోడలిని రమ్మని పిలుపు. చిరునామా పైకి కనిపించేట్టు అద్దాల పెట్టెలో పెట్టి, కింద చీటీ మీద "పుట్టింటి పిలుపు" అని నా అందమైన దస్తూరీతో రాశాను. ఎగ్జిబిషన్ మొదలయ్యాక చూడవచ్చిన ఆడవాళ్లకు ఆ కోడలు ఏ చీర కట్టుకుని బయలుదేరిందో, దారిలో బస్సు ఎక్కడ ఆగిందో కూడా చెప్పాను. ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు.

ఎగ్జిబిషన్ ఒక బడి హాలులో. మూడో రోజు పొద్దున ఒకాయన వచ్చాడు. పెన్‌పహాడ్ దగ్గరి రైతు, ఇంచుమించు నా ఈడువాడు. తహసీల్దారు ఆఫీసులో పని తెమలక, ఫ్యాను గాలికి లోపలికి వచ్చానని చెప్పాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వరసలన్నీ చూసి, ఆ కార్డు దగ్గర ఆగిపోయాడు. ఎంతసేపటికీ కదలడు.

"అన్నా, ఈ రాత నాదే," అన్నాడు.

నా సంతోషం చూడాలి. రాసినవాడు తనంత తాను నడిచి రావడం పదకొండేళ్లలో అదే మొదలు. చెల్లెమ్మను కేకేశాను, ఆయనకు కుర్చీ లాగాను.

"దీన్ని లగ్గం కార్డులల్ల వెట్టిందెవడు?" అన్నాడాయన కూర్చోకుండానే.

"నేనే," అన్నాను, మెచ్చుకుంటాడేమోనని.

"నీకు కండ్లున్నయా? ఇది మా అమ్మ సావు కార్డు."

నేను పెట్టె తెరిచి కార్డు తీసి వెనక్కి తిప్పాను. అలుక్కుపోయిన వరసల వంక కూడా చూడకుండా, కళ్లు మూసుకుని ఆయన మొత్తం అప్పజెప్పాడు. "మన అమ్మ మంగళవారం తెల్లవారుజామున కాలం చేసినది. నేను కర్మ పట్టినందున ఊరు దాటి రాలేను. పదకొండవ దినమునకు నీవు తప్పక బయలుదేరి రావలెను. నీ కోసం ఎదురుచూస్తుంటాము." నలభై ఏళ్ల కిందటి నాలుగు వరసలు, ఒక్క మాట తడబడలేదు. హాలులో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ కార్డు తన అక్కకు రాశాడు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. తండ్రి ముందే పోయాడు, ఒక్కడే కొడుకు. తలకు కొరివి పెట్టినవాడు దినాలు అయ్యేదాకా ఊరు దాటకూడదు కనుక స్వయంగా పోలేక కార్డు రాసి, తన చేత్తోనే డబ్బాలో వేశాడు. పదకొండో రోజు అక్క రాలేదు. నెల తిరిగాక ఎవరో చెబితే విని, ఏడ్చుకుంటూ వచ్చింది. కార్డు రాలేదంది. ఆయన నమ్మలేదు. వాకిట్లోంచే వెనక్కి పంపాడు. అప్పటి నుంచి మాటల్లేవు, రాకపోకల్లేవు. ఆమె పిల్లల పెళ్లిళ్లకు ఈయన పోలేదు, ఈయన పిల్లల పెళ్లిళ్లకు ఆమె రాలేదు.

"చూశారా, కార్డు చేరింది. ఇప్పుడైనా తెలిసింది గదా," అన్నాను, ఇక అంతా సర్దుకుంటుందన్నట్టు.

"అవ్, తెలిసింది. అది ఆడింది అబద్ధమని తెలిసింది. కార్డు ముట్టింది. ముట్టిందే గాదు, అమ్మ సావుకు పసుపు వెట్టి దాసుకున్నది. ఇటియ్యి అన్నా ఆ కార్డు. కోదాడ వోయి మొకం మీద కొట్టొస్త. ఇగ అక్కలేదు, ఎవ్వల్లేరు."

నలభై ఏళ్లుగా అనుమానం మాత్రమే ఉంది. ఇప్పుడు నేను సాక్ష్యం చేతికిచ్చాను. అదీ తప్పుడు సాక్ష్యమో కాదో నాకే తెలియదు.

ఇంతలో సారు వచ్చాడు. విషయం విన్నాడు. నేను మీకు చెప్పదలచుకున్న మొదటి కోపం ఇక్కడిది. ఆయన ఆ మనిషి భుజం మీద చెయ్యి వేసి, "పెద్దాయనా, ఇది ఇప్పుడు ట్రస్టు ఆస్తి. రిజిస్టర్లో ఎక్కింది. బయటికి ఇవ్వడానికి రూల్స్ ఒప్పుకోవు," అన్నాడు. ఆయన రాసిన ఉత్తరం, ఆయన అమ్మ చావు, ఆయన అక్క పేరు మీద చిరునామా. ఆస్తి మాత్రం మాది!

తర్వాత నన్ను పక్కకు పిలిచాడు. "పది రోజుల్లో మిర్యాలగూడలో ముగింపు సభ ఉంది కదా. అక్కనూ తమ్ముణ్ణీ స్టేజీ మీదికి పిలుద్దాం. కార్డు అక్కడే చేతికిద్దాం. కెమెరాలుంటాయి."

"సార్, ఆయన కలిసేటందుకు అడుగుతలేడు. కొట్లాటకు అడుగుతుండు."

"ఇంకా మంచిది," అన్నాడు సారు.

ఆ రెండు మాటలు నేను చచ్చేదాకా మరిచిపోను. ఇంకా మంచిదట! ఒక ముసలామెను వెయ్యిమంది ముందు నిలబెట్టి తమ్ముడి చేత దొంగ అనిపించడం ఇంకా మంచిదట. ఆయనకు ఆ కార్డులో మనుషులు కనబడలేదు. నిండిన కుర్చీలు కనబడ్డాయి.

మర్నాడు నేను హాలుకు వెళ్లేసరికి చెల్లెమ్మ ఒక్కతే ఉంది. తాళం చెవి తీసి బల్ల మీద పెట్టింది.

"అన్నా, నేను చాయ్ తాగొస్త. పెట్టె తాళంచెవి గీడ మర్సిపోయిన. ఎవరన్న తీస్కపోతె నాకు తెల్వది."

"ఎంతసేపు తాగుతవమ్మా చాయ్?"

"కోదాడ బస్సు కదిలేదాక."

ముందురోజు నేను చెవిలో చెప్పి పంపినట్టే, పెన్‌పహాడ్ ఆయన బస్టాండులో నా కోసం నిలబడి ఉన్నాడు. కార్డు నా చొక్కా జేబులోనే ఉంచుకున్నాను. అడిగితే ఇవ్వలేదు, అక్కడికి పోయాక ఇస్తానన్నాను. దారి పొడుగునా నచ్చజెప్పాను. ఆమె చూసి ఉండకపోవచ్చు, ఎవరో దాచి ఉండవచ్చు అన్నాను.

"ఇంటికి కార్డొస్తె ఇంటామెకు తెల్వదా? నీ ఇంటికొస్తె నీ భార్యకు తెల్వదా?"

"మా ఇంట్ల నాకే తెల్వదన్నా."

ఆయన నవ్వలేదు. మునగాల దాటేదాకా కిటికీ వంకే చూస్తూ కూర్చున్నాడు. నాకు దిగి పారిపోవాలనిపించింది.

కోదాడ బస్టాండు వెనక సందులో చిన్న డాబా. ఆమె వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. గేటు చప్పుడుకు తలెత్తి చూసింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. చింతపండు చేతుల్లోంచి జారింది.

"తమ్ముడూ... నువ్వేనా? లోపలికి రా అయ్యా. ఎండలో నిలబడ్డావేం?"

"లోపలికి రాను. కోదాడ మాటలు నేర్సినవ్, మంచిగనే ఉన్నయ్. ఇది సూడు." నా జేబులోంచి కార్డు లాక్కుని గేటు ఊచల మధ్య నుంచి చాపాడు. "ఏందో చెప్పు ఇది."

ఆమె అందుకుని అటూ ఇటూ తిప్పింది. "కార్డు. నాకు చదువొచ్చా?"

"దీనికి పసుపు ఎవరు వెట్టిన్రు?"

ఆమె చాలాసేపు చూసింది. వేలితో పోస్టు ముద్ర పడిన చోట తడిమింది. "నేనే పెట్టాను," అంది.

ఆయన ఊచలు పట్టుకుని కేక వేశాడు. పక్కింటివాళ్లు బయటికి వచ్చారు. "విన్నవా అన్నా? నేనే వెట్టిన అంటుంది! అమ్మ సావు కార్డుకు..."

"అమ్మదా?" అంది ఆమె. "ఇది అమ్మ కార్డా?"

ఆమె గొంతు విని ఆయన కేక ఆగిపోయింది. ఆమె గేటు పట్టుకుని మెల్లగా చెప్పింది.

"ఆ నెల మా ఆడబిడ్డ పెళ్లి. మామయ్య కార్డుల కట్ట తెచ్చిచ్చి మూలలకు పసుపు పెట్టమన్నాడు. పొద్దుటి నుంచీ కూర్చుని పెట్టాను. అన్నీ అయ్యాక మళ్లీ ఇదొకటి తెచ్చాడు. కోడలా, ఇది మిగిలింది, దీనిక్కూడా పెట్టు అన్నాడు. అన్నీ కొత్తవి, దీనికేమో పోస్టు ముద్ర పడి ఉంది. ముద్ర పడినదానికెందుకు మామయ్యా అన్నాను. నీకు తెలవదులే, దిట్టంగా పెట్టు అన్నాడు. పెట్టాను. నవ్వుకుంటూ పెట్టానయ్యా. పెళ్లి ఇల్లు కదా."

ఇప్పుడు నా రెండో కోపం. ఆ మామ ఎప్పుడో పోయాడు. పోయినవాళ్లను తిట్టకూడదంటారు. నేను తిడతాను. కబురు చెవిన పడితేనే మైల. పడకపోతే లేదు. కోడలి తల్లి పోయిందని తెలిస్తే పెళ్లి పనులు చేసే చేతులు పుట్టింటికి పోతాయి, పెళ్లింట్లో ఏడుపు మొదలవుతుంది. చింపితే చావును ఒప్పుకున్నట్టు. ఉంచితే పెళ్లింట్లో చావు కార్డు ఉన్నట్టు. అందుకని దాన్ని శుభకార్యం కార్డు చేశాడు! ఎవరి చేత? కూతురి చేతే. తల్లి చావుకు కూతురు తన వేళ్లతో పసుపు అద్దుతుంటే ఎదురుగా నిలబడి చూశాడు. ఆ తర్వాత నలభై ఏళ్లలో ఎన్నిసార్లో ఆమె, పుట్టింటివాళ్లు నన్ను రానివ్వడం లేదని ఏడ్చి ఉంటుంది. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ ఇంట్లోనే అన్నం తింటూ విని ఉంటాడు. మర్యాదస్తుడు, పెద్దమనిషి అని ఊరంతా చెప్పుకునేవారట. థూ!

తమ్ముడు గేటు పట్టుకునే నిలబడ్డాడు.

"చదువు తమ్మీ," అంది ఆమె. ఎన్నేళ్లకో ఆ పాత పిలుపు. "నాకు ఎవరూ చదివి చెప్పలేదు. నువ్వే రాశావుగా, నువ్వే చదువు."

ఆయన చదివాడు. ఆమె కొంగు తలమీద కప్పుకుని నిలబడి విన్నది. "నీ కోసం ఎదురుచూస్తుంటాము" దగ్గర ఆయన ఆగిపోయాడు.

"చూశారా నా కోసం?"

"పొద్దుగూకేదాక సూసినం అక్కా. నీకు ఆకేసి పెట్టినం."

ఆమె కార్డు తీసుకుంది. నిలువుగా చింపింది.

"అమ్మా!" అన్నాను. "అది రిజిస్టర్ల..." ఆమె నా వంక చూసింది. మళ్లీ అడ్డంగా చింపింది. ఒక్కో ముక్కకు ఒక్కో పసుపు మూల. గేటు మీదుగా అవతలి మోరీలోకి విసిరేసి, పెరటి కుళాయి దగ్గరికి పోయి, చీర మీదే నాలుగు చెంబులు తలమీద పోసుకుంది.

తమ్ముడు నా వైపు తిరిగి, "జరుగన్నా," అన్నాడు. గేటు తీసుకుని, వరండా ఎక్కకుండా చుట్టూ తిరిగి అదే కుళాయి దగ్గరికి పోయి, చొక్కాతోనే నీళ్లు పోసుకున్నాడు. అప్పుడు ఇద్దరూ లోపలికి పోయారు. కాసేపటికి ఆమె పొడి చీరతో బయటికి వచ్చి నాకు మజ్జిగ ఇచ్చింది. "ఏ తల్లి కన్నదో నిన్ను. మా కార్డు మాకు తెచ్చిచ్చావు," అంది. మజ్జిగ తాగి బస్సెక్కాను.

ఆ తర్వాతది మామూలే. వారసత్వ సంపదను ధ్వంసం చేయించినందుకు సంజాయిషీ ఇమ్మని సారు కాగితం పంపాడు. చెల్లెమ్మ మీదికి పోతుందేమోనని తాళంచెవి దొంగతనం కూడా నా ఖాతాలోనే రాసుకున్నాను. ఉద్యోగం పోయింది. మిర్యాలగూడ సభ మాత్రం ఆగలేదు. కంప్యూటర్లో ఉన్న బొమ్మతో అలాంటిదే ఇంకో కార్డు అచ్చు వేయించి, విడిపోయిన అక్కాతమ్ముళ్లను మా ట్రస్టు కలిపిందని సారు మైకులో చెప్పాడట. చప్పట్లు బాగా పడ్డాయట. వాళ్లిద్దరూ పోలేదు. పెన్‌పహాడ్‌లో ఆ వేళ నాట్లు, అక్క కూడా అక్కడే ఉంది.

ఈ మధ్య మీరు పాత కార్డులు ఆన్‌లైన్లో కొని, వెనక పాట పెట్టి రీల్స్ చేస్తున్నారు. బాగుంటున్నాయి. ఒకసారి తిప్పి, వెనక ఏముందో చదవండి. అంతకుమించి ఏమీ చెప్పను, ఎందుకంటే చెప్పే అర్హత నాకు లేదు.

ఎందుకు లేదంటే, ఒక్కచోట కల్పించాను.

పసుపు తడికి వరసలు అలుక్కుపోయాయని రాశాను కదా. పోలేదు. పసుపు మూలలకే ఉంది, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. పెన్‌పహాడ్ ఆయన కళ్లు మూసుకుని అప్పజెప్పలేదు, చూసి చదివాడు. ఆఫీసులో ఆ రోజు కార్డు తిప్పినప్పుడే నేను కూడా చదివాను. మొదటి వరసే చదివాను. పెళ్లి వరసకు అద్దాల పెట్టెలో పన్నెండు గడులు. నా దగ్గర పసుపు కార్డులు పదకొండే ఉన్నాయి. చిరునామా పైకి పెడితే ఎవరు తిప్పి చూస్తారు అనుకున్నాను. అక్కడ పెళ్లి ఆగకూడదని ఒకాయన అనుకున్నట్టే, ఇక్కడ గడి ఖాళీగా ఉండకూడదని నేను అనుకున్నాను. మన అమ్మ కాలం చేసినది అన్న మాట చదివి, పెన్ను తీసి, కింద "పుట్టింటి పిలుపు" అని రాశాను.

కోదాడ గేటు దగ్గర ఆ సంగతి చెప్పలేదు. మజ్జిగ తాగి వచ్చాను.